యాంటీబయాటిక్ పొటెన్సీ పరీక్షకు సరైన రిఫరెన్స్ స్ట్రెయిన్‌ను ఎంచుకోవడం, నిలబెట్టుకోవడం

యాంటీబయాటిక్ బలాన్ని (పొటెన్సీని) సూక్ష్మజీవుల మీద కొలిచే మైక్రోబయలాజికల్ అస్సేలో, అంటే పరీక్షలో, బ్యాక్టీరియానే త్రాసు. ఒక పళ్లెంలో రిఫరెన్స్ స్టాండర్డ్ (బలం ముందే తెలిసిన మందు), రెండో పళ్లెంలో శాంపిల్. స్ట్రెయిన్ (ఒక జాతిలోని నిర్దిష్ట రకం) తప్పైనా ప్లేట్లు అందంగానే వస్తాయి, జోన్లు (మందు చుట్టూ సూక్ష్మజీవి పెరగని వలయాలు) గుండ్రంగానే ఉంటాయి, లెక్క కూడా కుదురుతుంది. అంకె మాత్రం తప్పుతుంది. అది తప్పని ఆ ప్లేట్ చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే స్ట్రెయిన్ ఎంపికకు పరీక్షకంటే ఎక్కువ శ్రద్ధ అవసరం.

ఈ మార్గదర్శి సిలిండర్ ప్లేట్ (జోన్ వ్యాసాన్ని కొలిచేది), టర్బిడిమెట్రిక్ (ద్రవంలో పెరుగుదల వల్ల వచ్చే మసకను కొలిచేది) పద్ధతులు రెండింటికీ వర్తిస్తుంది.

1. ముందు తాజా మోనోగ్రాఫ్ తెరవండి

మీ ఉత్పత్తి ఏ ఫార్మకోపియా (మందుల అధికారిక ప్రమాణాల పుస్తకం) కింద విడుదలవుతుందో దాని ప్రస్తుత సంచికలోని మోనోగ్రాఫ్ (ఆ మందుకు రాసిన అధ్యాయం) చూడండి. ఒకప్పుడు ప్లేట్ మీద చేసిన యాంటీబయాటిక్స్‌లో చాలావాటికి ఇప్పుడు హెచ్‌పీఎల్‌సీ (ద్రవ క్రోమటోగ్రఫీతో చేసే రసాయన కొలత) వచ్చేసింది. అలాంటి మందుకు స్ట్రెయిన్ వెతకడం వృథా శ్రమ. సూక్ష్మజీవుల పద్ధతి ఇంకా మిగిలింది ఎక్కువగా అనేక అంశాల మిశ్రమంగా ఉండే యాంటీబయాటిక్స్‌కే. జెంటామైసిన్‌లో సీ1, సీ1ఏ, సీ2 వంటి అంశాలున్నాయి. బాసిట్రాసిన్, పాలిమిక్సిన్ బీ, నిస్టాటిన్‌లదీ అదే తీరు.

యూఎస్‌పీ (అమెరికా ఫార్మకోపియా) 81వ అధ్యాయంలో తరచూ అవసరపడే జంటలు ఇవి. ఏటీసీసీ అంటే అమెరికాలోని సూక్ష్మజీవుల సేకరణ కేంద్రం, పక్కనున్నది అది ఇచ్చిన నంబరు.

ప్లేట్ పద్ధతికి:
- జెంటామైసిన్: స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ ఏటీసీసీ 12228
- ఎరిత్రోమైసిన్: కొకురియా రైజోఫిలా ఏటీసీసీ 9341
- బాసిట్రాసిన్: మైక్రోకాకస్ లూటియస్ ఏటీసీసీ 10240
- వాంకోమైసిన్: బాసిల్లస్ సబ్టిలిస్ ఏటీసీసీ 6633
- పాలిమిక్సిన్ బీ: బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా ఏటీసీసీ 4617
- పెన్సిలిన్ జీ: స్టాఫిలోకాకస్ ఆరియస్ ఏటీసీసీ 29737
- నిస్టాటిన్, ఆంఫోటెరిసిన్ బీ: శాకరోమైసిస్ సెరెవిసియే. ఇది ఈస్ట్. మొదటిదానికి ఏటీసీసీ 2601, రెండోదానికి ఏటీసీసీ 9763.

టర్బిడిమెట్రిక్ పద్ధతికి క్లోరాంఫెనికాల్‌కు ఈ.కోలై ఏటీసీసీ 10536, టెట్రాసైక్లిన్‌కు స్టాఫిలోకాకస్ ఆరియస్ ఏటీసీసీ 29737, స్ట్రెప్టోమైసిన్‌కు క్లెబ్సియెల్లా న్యుమోనియే ఏటీసీసీ 10031, గ్రామిసిడిన్‌కు ఎంటెరోకాకస్ హైరే ఏటీసీసీ 10541.

ఒకే మందుకు రెండు ఫార్మకోపియాలు వేర్వేరు స్ట్రెయిన్లు చెప్పడం మామూలే. యూరోపియన్ ఫార్మకోపియా జెంటామైసిన్‌కు బాసిల్లస్ ప్యుమిలస్‌ను కూడా ఒప్పుకుంటుంది. అలాగని ఒక పుస్తకం నుంచి స్ట్రెయిన్, మరో పుస్తకం నుంచి మీడియా (సూక్ష్మజీవిని పెంచే పోషక పదార్థం), ఇంకోచోటి నుంచి బఫర్ తెచ్చి కలపకండి. స్ట్రెయిన్, మీడియా, పీహెచ్, డోసు పరిధి ఒక్క కట్టుగా పనిచేస్తాయి. ఎరిత్రోమైసిన్, జెంటామైసిన్ పరీక్షలకు వాడే 11వ నంబరు మీడియా పీహెచ్ 8.3. వాంకోమైసిన్‌కు వాడే 8వ నంబరు మీడియా పీహెచ్ 5.9. అమినోగ్లైకోసైడ్లు క్షార పీహెచ్‌లో చురుగ్గా పనిచేస్తాయి. అదే స్ట్రెయిన్‌ను ఆమ్ల మీడియాలో పెడితే జోన్ కుంచించుకుపోయి, స్ట్రెయిన్ పాడైందన్న భ్రమ కలుగుతుంది.

2. నంబరు పూర్తిగా చదవండి, చివరి అక్షరంతో సహా

ఈ రంగంలో ఎక్కువ నష్టం చేసేది నంబర్ల గందరగోళమే. "స్టాఫ్ ఆరియస్ ఉంది కదా, అదే వాడేద్దాం" అనే మాట ల్యాబ్‌లో వినబడిందంటే పని ఆపి లేబుల్ చూడాలి.

స్టాఫిలోకాకస్ ఆరియస్‌నే తీసుకోండి. ఏటీసీసీ 6538 క్రిమిసంహారకాల పరీక్షలకూ ప్రిజర్వేటివ్ పరీక్షలకూ వాడేది. ఏటీసీసీ 6538పీ పొటెన్సీ పరీక్షకు వాడేది. తేడా ఒక్క 'పీ' అక్షరమే అయినా రెండూ వేరు. ఏటీసీసీ 25923 ఆసుపత్రి ల్యాబుల్లో డిస్క్ సెన్సిటివిటీ పరీక్షల నాణ్యత చూడటానికి, ఏటీసీసీ 29213 ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనీస మందు మోతాదు) పరీక్షలకు. ఈ చివరిదానికి కొద్దిగా బీటా-లాక్టమేజ్ (పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్) తయారుచేసే గుణం ఉంది. పెన్సిలిన్ అస్సేలో పొరపాటున దీన్ని వాడితే ఎంజైమ్ మందును జోన్ అంచునే నమిలేస్తుంది. అంచు తీరు మారి, కొలత ప్లేట్‌కో తీరుగా వస్తుంది. ఈ.కోలైతోనూ ఇదే చిక్కు: 25922 సెన్సిటివిటీకి, 8739 మైక్రోబియల్ లిమిట్ పరీక్షలకు, 10536 పొటెన్సీకి.

పేర్లు మారడం మరో తలనొప్పి. ఏటీసీసీ 9341ను పాత పుస్తకాల్లో సార్సినా లూటియా అన్నారు, తర్వాత మైక్రోకాకస్ లూటియస్ అన్నారు. 2003లో దాన్ని కొకురియా రైజోఫిలాగా మార్చారు. 6633 ఇప్పుడు బాసిల్లస్ స్పిజిజెనై పేరుతో కనబడుతుంది. 10541 ఒకప్పుడు స్ట్రెప్టోకాకస్ ఫీసియం. పేరు మారినంతమాత్రాన జీవి మారలేదు. కాబట్టి ఆర్డర్‌లోనూ రిజిస్టర్‌లోనూ నంబరును ప్రధానంగా రాయండి, పేరును పక్కన పెట్టండి. వేరే సేకరణ కేంద్రం నుంచి తెస్తే సమాన నంబరు అధికారిక కాటలాగ్‌లో సరిచూసుకోండి. ఉదాహరణకు 6633కు సమానమైనవి ఎన్‌సీటీసీ 10400, సీఐపీ 52.62. "అదే జాతి" అన్నది సమానత్వం కాదు. నంబరుకు నంబరు సరిపోవాలి.

3. స్వేచ్ఛగా ఎంచుకోవాల్సి వస్తే ఏం చూడాలి

మోనోగ్రాఫ్ లేని కొత్త అణువు, మిశ్రమ ఉత్పత్తి, లేదా లోపలి పరిశోధన అయితే ఎంపిక మీ మీద పడుతుంది. అప్పుడు చాలామంది నేరుగా అత్యంత సున్నితమైన స్ట్రెయిన్ వైపు వెళ్తారు. అది సరైన ప్రమాణం కాదు. సున్నితత్వం కావాలి కానీ, పెద్ద జోన్ ఇచ్చే స్ట్రెయిన్ మంచి త్రాసు అని అర్థం కాదు. డోసు కొద్దిగా పెరిగితే జోన్ స్పష్టంగా పెరగాలి, అదే ముఖ్యం.

ఒక లెక్క చూద్దాం. ఐదు డోసులు, ఒక్కోదానికీ నిష్పత్తి 1.25. అంటే 0.64, 0.8, 1.0, 1.25, 1.56 మైక్రోగ్రాములు ఒక మి.లీ.లో. మొదటి స్ట్రెయిన్‌లో మెట్టుకు 1.0 మి.మీ. జోన్ పెరుగుతోంది. రెండోదాంట్లో 0.5 మి.మీ. జోన్ కొలతలో 0.2 మి.మీ. తప్పు దొర్లిందనుకోండి. మొదటిదాంట్లో అది 1.25 యొక్క 0.2వ ఘాతం, అంటే సుమారు 4.6 శాతం పొటెన్సీ తేడా. రెండోదాంట్లో 0.4వ ఘాతం, సుమారు 9.3 శాతం. కొలిచిన చెయ్యి ఒకటే, కాలిపర్ ఒకటే, తప్పు రెట్టింపు. జోన్లను ఎక్కువ తీసి సగటు కట్టితే ఇది తగ్గుతుంది కానీ, వాలు (డోసుతో పాటు జోన్ పెరిగే తీరు) తక్కువ ఉన్న స్ట్రెయిన్‌తో ఆ పోరాటం రోజూ చేయాల్సి వస్తుంది.

వాలు తర్వాత చూడాల్సింది జోన్ అంచు. మసకగా, మెట్లుమెట్లుగా, రెండు వలయాలుగా కనబడే స్ట్రెయిన్‌ను పక్కన పెట్టండి. ఇద్దరు వ్యక్తులు అదే జోన్‌ను విడివిడిగా కొలిచినప్పుడు తేడా 0.2 మి.మీ. దాటుతోందంటే కొలిచేవారిని కాదు, అంచును అనుమానించండి. పాకే గుణం ఉన్న జీవులు, ఉదాహరణకు ప్రోటియస్, ఈ పనికి అసలు పనికిరావు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: శాంపిల్‌లోని అంశాలను స్ట్రెయిన్ ఎలా తూస్తుంది? మందు ఒకే అణువైతే ఏ సున్నితమైన స్ట్రెయిన్ అయినా శాంపిల్‌నూ స్టాండర్డ్‌నూ ఒకేలా చూస్తుంది. స్ట్రెయిన్ మారితే ఖచ్చితత్వం కాస్త మారుతుందేమో గానీ జవాబు మారదు. అనేక అంశాల మందు అలా కాదు. ఒక స్ట్రెయిన్ సీ1ఏకు ఎక్కువ స్పందించి, ఇంకొకటి సీ1కు ఎక్కువ స్పందిస్తే, అంశాల నిష్పత్తి స్టాండర్డ్‌తో సరిపోలని బ్యాచ్‌కు రెండు స్ట్రెయిన్లు రెండు వేర్వేరు పొటెన్సీలు ఇస్తాయి. రెండూ అబద్ధం కావు, కానీ లేబుల్‌పై చెప్పిన యూనిట్ ఒక నిర్దిష్ట స్ట్రెయిన్ మీద నిర్ణయమైంది. అందుకే మోనోగ్రాఫ్ స్ట్రెయిన్‌ను సౌకర్యం కోసం మార్చకూడదు. దీన్ని పరీక్షించాలంటే అంశాల నిష్పత్తి బాగా తేడాగా ఉన్న రెండు బ్యాచ్‌లు తీసుకుని, రెండు స్ట్రెయిన్ల మీదా శాంపిల్, స్టాండర్డ్ రేఖల వాలు సమాంతరంగా ఉందో లేదో చూడండి. సమాంతరం కాకపోతే ఆ త్రాసు రెండు పళ్లేల్లో రెండు వేర్వేరు వస్తువులను తూస్తోందన్నమాట.

నాలుగోది మ్యుటేషన్. కొన్ని మందులకు ఒకే ఒక్క జన్యు మార్పుతో బ్యాక్టీరియాకు గట్టి నిరోధం వచ్చేస్తుంది. స్ట్రెప్టోమైసిన్, రిఫాంపిసిన్ ఆ కోవలోవి. రిఫాంపిసిన్‌కు నిరోధక కణాలు స్థూలంగా కోటికి లేదా పదికోట్లకు ఒకటి ఉంటాయి. సీడ్ లేయర్‌లో (బ్యాక్టీరియా కలిపిన పై పొరలో) కోటి కణాలు పోస్తే స్వచ్ఛమైన కల్చర్‌లో జోన్ లోపల ఒకటో రెండో కాలనీలు అరుదుగా కనబడటం సహజం. పదీ ఇరవై కనబడితే కల్చర్‌లోనే నిరోధకాలు పేరుకుపోయాయి, లేదా కలుషితమైంది. అమినోగ్లైకోసైడ్ల జోన్లలో మరీ చిన్న చుక్కల్లాంటి కాలనీలు వస్తే అవి చిన్న-కాలనీ రూపాలు కావచ్చు. స్టాఫిలోకాకస్‌లో ఇది బాగా తెలిసిన విషయం. వాటిని విడిచిపెట్టి కొలవడం కాదు, ఆ కల్చర్‌నే వదిలెయ్యాలి.

మిశ్రమ మందుల్లో, ఉదాహరణకు నియోమైసిన్, పాలిమిక్సిన్, బాసిట్రాసిన్ కలిసిన లేపనంలో, ఎంచుకున్న స్ట్రెయిన్‌కు మిగతా రెండూ ఎంత కనబడతాయో ముందే తేల్చండి. కొలవాల్సిన మందు తప్ప మిగతావన్నీ ఉన్న ప్లాసిబో తయారుచేసి, పరీక్ష డైల్యూషన్‌లోనే సిలిండర్‌లో పోయండి. జోన్ రాకూడదు. వస్తే డైల్యూషన్ పెంచి చూడండి. అది కుదరకపోతే స్ట్రెయిన్ మార్చాల్సిందే.

టర్బిడిమెట్రిక్ పద్ధతికి గుణాల జాబితా కాస్త వేరు. మూడు నాలుగు గంటల్లో బాగా పెరగాలి, ముద్దలు కట్టకూడదు, పైన తెర కట్టకూడదు. ఈ.కోలై, క్లెబ్సియెల్లా, స్టాఫ్ అందుకే అక్కడ స్థిరపడ్డాయి. బాసిల్లస్ గొలుసులుగా పెరిగి 530 నానోమీటర్ల రీడింగ్‌ను చెడగొడుతుంది.

4. తెచ్చిన ఆంపూల్‌ను గుర్తించడం

సర్టిఫికెట్‌లో స్ట్రెయిన్ నంబరు, లాట్, పాసేజ్ సంఖ్య (ఎన్నిసార్లు తిరిగి పెంచారో), గడువు తేదీ చూడండి. తెరిచాక సమృద్ధ మీడియాలో ఒక ప్లేట్ మీద విడి కాలనీలు తీయండి. గ్రామ్ స్టెయిన్, కాటలేజ్, కాలనీ రూపం చూడండి. కొకురియా రైజోఫిలా పసుపు రంగు కాలనీ, నాలుగు నాలుగుగా కోకై. బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికాకు యూరియేజ్ చురుగ్గా వస్తుంది. మాల్డీ-టాఫ్ (ప్రోటీన్ల ద్రవ్యరాశి చూసి జీవిని గుర్తించే యంత్రం) ఉంటే మంచిది. కానీ అది జాతిని చెబుతుంది, ఏటీసీసీ నంబరును చెప్పదు. 16ఎస్ జన్యు సీక్వెన్స్‌దీ అదే పరిమితి. నిజమైన గుర్తింపు పనితీరులోనే ఉంది: మోనోగ్రాఫ్ డోసులో ఆశించిన జోన్, ఆశించిన వాలు వస్తున్నాయా?

5. పాసేజ్ లెక్క

మూల స్ట్రెయిన్ నుంచి ఐదు పాసేజ్‌లు దాటకూడదన్నది సాధారణ నియమం. కొత్త మీడియా మీద పెరిగిన ప్రతిసారీ ఒక పాసేజ్. ఫ్రీజ్ చేయడం, కరిగించడం పాసేజ్ కావు.

ఆంపూల్ నుంచి మొదటి ప్లేట్: 1. ఆ ప్లేట్ నుంచి ఒక సమృద్ధ అగార్ మీద పెంచి, 15 శాతం గ్లిజరాల్ కలిపిన బ్రాత్‌లో విడివిడి వయల్స్‌గా మైనస్ 70 డిగ్రీల వద్ద దాచండి: 2. ఇది మాస్టర్. మాస్టర్ వయల్ ఒకటి తీసి పెంచి వర్కింగ్ వయల్స్ చేస్తే: 3. వర్కింగ్ వయల్ నుంచి స్లాంట్ (వాలుగా గడ్డకట్టిన అగార్ గొట్టం): 4. స్లాంట్ నుంచి రౌక్స్ బాటిల్ (ఎక్కువ కల్చర్ పెంచే చదునైన సీసా) మీద పరీక్ష కల్చర్: 5. అక్కడితో ఆగాలి. వారం వారం స్లాంట్ నుంచి స్లాంట్‌కు మార్చే పాత అలవాటు ఈ లెక్కను నెల తిరిగేలోపే చెడగొడుతుంది. కరిగించిన వయల్‌ను తిరిగి ఫ్రీజర్‌లో పెట్టకండి. ప్రతిసారీ కొన్ని కణాలు చస్తాయి. మిగిలేవి బలమైనవే అయినా, మొదటివాటిలాంటివి అయివుండకపోవచ్చు.

6. ఇనాక్యులమ్ (పరీక్షలో కలిపే కల్చర్) తయారీ

స్టాఫిలోకాకస్, మైక్రోకాకస్ వంటివాటికి: స్లాంట్ మీద 32–35 డిగ్రీల వద్ద 24 గంటలు పెంచి, 3 మి.లీ. సెలైన్‌తో కడిగి, 250 మి.లీ. 1వ నంబరు మీడియా ఉన్న రౌక్స్ బాటిల్ మీద గాజు పూసలతో పరచండి. మళ్లీ 24 గంటలు. 50 మి.లీ. సెలైన్‌తో దించి, 580 నానోమీటర్ల వద్ద సెలైన్‌ను బ్లాంక్‌గా పెట్టి 25 శాతం ట్రాన్స్‌మిటెన్స్ (ద్రవం గుండా దాటే కాంతి) వచ్చేదాకా పలుచన చేసి, ఎంత పలుచన అయిందో రాసిపెట్టుకోండి. ఆ నిష్పత్తి రోజురోజుకూ దగ్గరగా ఉండాలి. హఠాత్తుగా మారితే పెరుగుదలలో ఏదో జరిగింది.

బాసిల్లస్ సబ్టిలిస్ దారి వేరు. కావాల్సింది స్పోర్లు (వేడిని తట్టుకునే నిద్రాణ రూపాలు). 1వ నంబరు మీడియాకు లీటరుకు 300 మి.గ్రా. మాంగనీస్ సల్ఫేట్ కలిపితే అది 32వ నంబరు మీడియా. మాంగనీస్ స్పోర్లు కట్టడాన్ని పెంచుతుంది. ఐదు రోజులు పెంచి, దించి, 70 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేయండి. మామూలు కణాలు చనిపోతాయి, స్పోర్లు మిగులుతాయి. మలాకైట్ గ్రీన్ స్టెయిన్‌తో చూస్తే ఆకుపచ్చ చుక్కలు దట్టంగా ఉండాలి. ఎర్రటి కడ్డీలు చాలా ఉంటే మళ్లీ వేడిచేయడంతో సరిపెట్టకుండా పెంచే సమయాన్ని, మాంగనీస్‌ను చూడండి. స్పోర్ సస్పెన్షన్ ఫ్రిజ్‌లో నెలల పాటు స్థిరంగా ఉంటుంది. స్టాఫ్ సస్పెన్షన్ వారం దాటితే బలం తగ్గుతుంది. రెండు స్ట్రెయిన్లూ సాంకేతికంగా సమానంగా సరిపోయే చోట స్పోర్లు కట్టేదాన్ని ఎంచుకోమనడానికి కారణం ఇదే.

7. ఇనాక్యులమ్ పరిమాణాన్ని ప్లేట్ మీద నిర్ణయించండి

పుస్తకంలోని సంఖ్య ఆరంభం మాత్రమే. యూఎస్‌పీ సూచనలో 100 మి.లీ. సీడ్ మీడియాకు ఎరిత్రోమైసిన్‌కు 1.5 మి.లీ., జెంటామైసిన్‌కు 0.03 మి.లీ. మాత్రమే. తేడా యాభై రెట్లు. సూచించిన పరిమాణం, దానికి సగం, రెట్టింపు చొప్పున మూడు ప్లేట్లు పోయండి. కరిగిన సీడ్ మీడియాను చల్లార్చి 48 డిగ్రీల దగ్గర కల్చర్ కలపండి. అంతకంటే వేడిలో స్పోర్లకు ఇబ్బంది లేదు గానీ బోర్డెటెల్లా వంటివి దెబ్బతింటాయి. పైన 4 మి.లీ. సీడ్, కింద మోనోగ్రాఫ్ చెప్పిన బేస్ లేయర్. మధ్య డోసును 8 మి.మీ. బయటి వ్యాసం ఉన్న సిలిండర్లలో పోయండి. 14–16 మి.మీ. జోన్, స్ఫుటమైన అంచు ఇచ్చిన పరిమాణాన్ని ఎంచుకోండి.

ఇనాక్యులమ్ తక్కువైతే జోన్ పెద్దదవుతుంది, అంచు మసకబారుతుంది. ఎక్కువైతే జోన్ చిన్నదై వాలు తగ్గుతుంది. ఎందుకంటే జోన్ అంచు నిర్ణయమయ్యేది మందు వ్యాపించే వేగానికీ, పెరుగుదల ఒక దశకు చేరే సమయానికీ మధ్య పరుగుపందెంలో. కణాలు ఎక్కువుంటే ఆ దశ త్వరగా వస్తుంది, మందు దూరం వెళ్లేలోపే గీత పడిపోతుంది. పోసిన ప్లేట్లను మందు నింపకుండా బల్ల మీద కొన్ని గంటలు వదిలేసినా ఇదే ప్రభావం. ఒక రోజు ప్లేట్లన్నీ ఒకే సమయంలో నింపి, ఒకే సమయంలో ఇంక్యుబేటర్‌లో పెట్టండి. దొంతరలుగా పేర్చితే మధ్యవి ఆలస్యంగా వేడెక్కుతాయి. మూడుకు మించి పేర్చవద్దు.

8. ఆమోదించే ముందు

ఐదు డోసుల రేఖను కనీసం మూడు వేర్వేరు రోజులు తీయండి. యూఎస్‌పీ ప్రకారం ప్లేట్ పద్ధతిలో నిర్ధారణ గుణకం (కొలతలు సరళరేఖకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె) 95 శాతానికి తగ్గకూడదు. నా సలహా: ఆ గీత దాటగానే సంతోషించకుండా, వాలు మూడు రోజులూ దగ్గరగా ఉందా అని చూడండి. రేఖ వంగి ఉంటే, ముఖ్యంగా పై డోసుల్లో, పరిధిని కిందికి జరపండి. బలహీనంగా వ్యాపించే పాలిమిక్సిన్ వంటి పెద్ద అణువులకు సహజంగానే వాలు తక్కువ. అందుకు స్ట్రెయిన్‌ను నిందించకండి. అక్కడ జోన్ల సంఖ్య పెంచడమే మార్గం.

భద్రత విషయానికి వస్తే స్టాఫ్ ఆరియస్, క్లెబ్సియెల్లా, బోర్డెటెల్లాలను రెండో స్థాయి జీవభద్రత జాగ్రత్తలతో చూడండి. వాడిన ప్లేట్లను 121 డిగ్రీల వద్ద ఆటోక్లేవ్ చేశాకే పారవేయండి.

9. కొత్త లాట్ వచ్చినప్పుడు

వర్కింగ్ వయల్స్ చివరికి రాకముందే కొత్త మాస్టర్ నుంచి కొత్త లాట్ చేయండి. పాత లాట్, కొత్త లాట్ పక్కపక్కనే, అదే మీడియా, అదే స్టాండర్డ్ డైల్యూషన్, అదే రోజు, అదే వ్యక్తి చేతితో నడపండి. మధ్య డోసు జోన్, ఐదు డోసుల వాలు, పొటెన్సీ తెలిసిన ఒక బ్యాచ్ ఫలితం మూడూ రాయండి. జోన్ కాస్త మారినా వాలు, పొటెన్సీ నిలిస్తే లాట్‌ను ఆమోదించి, ఇనాక్యులమ్ పరిమాణాన్ని సర్దండి. జోన్ అలాగే ఉండి పొటెన్సీ మారితే ఆ లాట్‌ను విడుదల చేయకండి. ఆంపూల్ లేబుల్ నుంచి పాసేజ్ రిజిస్టర్ దాకా వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, చివరిసారి సరైన ఫలితం వచ్చిన వయల్ దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.